ఇంట్లో పూలను దగ్గరగా ఫోటో తీయడానికి రింగ్ లైటు కొనాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పెరట్లో పూసే మందారం, నందివర్ధనం, శంఖుపుష్పం ఇంట్లోకి తెచ్చుకుని ఫోన్‌తో దగ్గరగా తీస్తున్నారు. మందారం గీతలేమీ లేకుండా ఎర్రటి ముద్దలా వస్తోంది. నందివర్ధనం బర్న్ అయిపోతోంది, అంటే రేకుల గీతలు పోయి ఉత్త తెలుపే మిగులుతోంది. ఏ పువ్వు తీసినా సగం మసకగా ఉంటోంది. అందరూ రింగ్ లైటు (ఫోన్ చుట్టూ ఉండి ఎదురుగా వెలుగు వేసే గుండ్రటి లైటు) కొనమంటున్నారు, రెండు వేల లోపు ఏది మంచిది అని అడిగారు.

రింగ్ లైటు వద్దండి. ఆ రెండు వేలు అలాగే ఉంచుకోండి. ఎండ నేరుగా పడని కిటికీ ఒకటి, తెల్ల థర్మోకోల్ ముక్క ఒకటి, నల్ల గుడ్డ ఒకటి ఉంటే పగటి పని జరిగిపోతుంది. రాత్రి తీయాలంటే మెడ వంగే టేబుల్ ల్యాంపులో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, దాని ముందు కట్టడానికి ఉతికిన తెల్ల పంచె చాలు. లైటు పువ్వుకు ఎదురుగా కాదు, పక్కన గానీ కాస్త వెనక గానీ ఉండాలి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయాలి. ఎరుపు ముద్దైపోవడం, తెలుపు బర్న్ కావడం ఈ ఒక్క మార్పుతోనే సగానికి సగం తగ్గుతాయి. మసక మాత్రం లైటు వల్ల వచ్చేది కాదు, దాని గురించి విడిగా రాస్తాను.

నేను బరంపురంలో పట్టుచీరల కేటలాగులకు ఫోటోలు తీస్తాను. పువ్వులు తీయడం మాత్రం ఎవరూ అడగకుండా నా ఇష్టం కొద్దీ చేసే పని. చీరకైనా పువ్వుకైనా కావలసింది ఒకటే: రంగు ఉన్నది ఉన్నట్టు రావాలి, పైన ఉన్న నేత లేదా గీత కంటికి ఆనాలి. అందుకే ఈ ప్రశ్న చూడగానే కాస్త పొడుగ్గా రాయాలనిపించింది.

ఎదురు లైటుతో ఏం పోతుందంటే

పువ్వు రేకు గోడలాంటి వస్తువు కాదు. లైటు దాని మీద పడి వెనక్కి రావడమే కాదు, లోపలికి దూరి అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది కూడా. కార్తీకమాసంలో కట్టే ఆకాశదీపం కాగితాన్ని చూడండి. లోపల దీపం వెలిగించకపోతే అది మామూలు రంగు కాగితం, వెలిగిస్తే అందులోని ప్రతి మడతా కనిపిస్తుంది. మందారం రేకు కూడా అంతే. వెనక నుంచి లైటు రాగానే మొదలు నుంచి అంచు దాకా పాకిన ఈనెలన్నీ లేచి కనిపిస్తాయి. శంఖుపుష్పంలో ఇది ఇంకా బాగుంటుంది. దాని పెద్ద రేకు ఎంత పల్చగా ఉంటుందంటే, కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ముదురు నీలంలోంచి సన్నటి ఈనెలు, మధ్యలో పసుపు తెలుపు కలిసిన గొంతు, అన్నీ విడివిడిగా తెలుస్తాయి. అదే పువ్వును ఎదురు లైటులో పెడితే నీలం మరకలాగే వస్తుంది.

రింగ్ లైటును ముఖాల కోసం వాడతారు. ముఖం మీద నీడలు లేకుండా చేయడం, గీతలు తగ్గించి చూపడం దాని పని. పువ్వు దగ్గర మనకు కావలసింది సరిగ్గా ఆ నీడలూ ఆ గీతలే. పైగా పువ్వు మీద నీటి చుక్కలు ఉంటే ప్రతి చుక్కలోనూ తెల్లటి గుండ్రటి రింగు ప్రతిబింబిస్తుంది. దాన్ని తర్వాత ఎడిటింగ్‌లో తీసేయడం చాలా కష్టం.

ఒక మినహాయింపు చెప్పాలి. బంతి, ముద్ద చామంతి లాంటి దట్టమైన పూలకు వెనక లైటు పనిచేయదు. రేకుల మీద రేకులు పేర్చి ఉంటాయి కాబట్టి లైటు లోపలికి దూరదు, ముందువైపంతా చీకటి అవుతుంది. వీటికి పక్క నుంచి, పువ్వు ఎత్తుకు కొంచెం పైన లైటు పెట్టండి. ఒక్కో రేకు అంచు మీద వెలుగు, దాని కింద సన్నటి నీడ పడి పొరలు పొరలుగా కనిపిస్తుంది.

కిటికీ దగ్గర ఎలా కూర్చోవాలి

పుస్తకాల్లో, వీడియోల్లో ఉత్తరం కిటికీ వాడమని చెబుతారు, అటువైపు నేరుగా ఎండ రాదని. మన దగ్గర ఆ మాట ఏడాది పొడుగునా నిజం కాదు. బరంపురం, పర్లాకిమిడి రెండూ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే నెల మధ్య నుంచి జూలై ఆఖరి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా పొద్దున్నే, సాయంత్రం వేళ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలు ఎండ కూడా వస్తుంది. కాబట్టి దిక్కు పట్టుకుని కూర్చోకండి. ఆ పూట ఏ కిటికీలో ఎండ పడటం లేదో అదే మీ కిటికీ. అన్నిట్లోనూ ఎండ ఉంటే కిటికీకి పంచె గానీ ట్రేసింగ్ పేపరు గానీ అడ్డం కట్టండి. వర్షాకాలంలో మబ్బు పట్టిన రోజైతే ఏదీ కట్టక్కర్లేదు. ఆకాశమంతా ఒకే పెద్ద మెత్తని లైటు. జయపురం వైపు కొండల్లో ఉండే ఒక మిత్రుడికి ఏ పరికరమూ లేదు. మంచు పట్టిన ఉదయాల్లో వసారాలో కూర్చుని తీసిన అతని పువ్వులు చూస్తే నాకు అసూయ కలుగుతుంది.

పువ్వును కిటికీకి అడుగున్నర, రెండడుగుల దూరంలో బల్ల మీద పెట్టండి. మీరు కిటికీకి పక్కగా కూర్చోవాలి, అంటే కిటికీ మీ ఎడమ చేతికో కుడి చేతికో ఉండాలి. అక్కడి నుంచి పువ్వున్న గ్లాసును నెమ్మదిగా తిప్పుతూ ఫోన్ తెరలో చూస్తూ ఉండండి. ఒక కోణంలో రేకు మీద గీతలు ఉన్నట్టుండి తేలతాయి. అక్కడ ఆపేయండి. అప్పుడు కిటికీకి అవతలి వైపు, పువ్వు నీడ పడే వైపు థర్మోకోల్ ముక్క నిలబెట్టండి. అది కిటికీ వెలుగును తిప్పి నీడలోకి పంపుతుంది. ముక్కను దగ్గరికి జరిపితే నీడ పల్చబడుతుంది, దూరం జరిపితే ముదురుతుంది. కొంచెం నీడ ఉంచమనే నా సలహా. నీడ మొత్తం పోతే పువ్వు మళ్లీ చదునుగా అయిపోతుంది.

తెల్ల పువ్వుకు దీన్ని తిరగేసి చేయండి. నందివర్ధనం పక్కన థర్మోకోల్ బదులు నల్ల చార్టు ముక్క నిలబెడితే రేకుల అంచులకు సన్నటి బూడిద రంగు గీత వస్తుంది. తెలుపు తెలుపుగానే ఉంటుంది, కానీ ఏ రేకు ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. గిరగిర తిరిగే చక్రంలా ఒకదాని పక్కన ఒకటి మెలిపడి ఉండే ఆ ఐదు రేకుల అమరిక కనిపించకపోతే ఆ పువ్వును తీసి లాభం లేదు.

రాత్రి ఒక్క బల్బుతో

బల్బు విడిగా పెడితే లైటు ఒక చిన్న చుక్క నుంచి వస్తుంది, నీడల అంచులు కత్తితో కోసినట్టు పడతాయి. దానికీ పువ్వుకూ మధ్య పంచె కడితే బల్బుకు బదులు పంచె మొత్తం లైటు అవుతుంది. ఎంత పెద్ద లైటు, పువ్వుకు ఎంత దగ్గర అన్నదాన్ని బట్టే మెత్తదనం ఉంటుంది. రెండడుగుల వెడల్పు పంచెను పువ్వుకు అడుగు దూరంలో కట్టి, బల్బును పంచెకు ఇంకో అడుగు వెనక పెట్టండి. బల్బును మరీ పంచెకు ఆనించి పెడితే మధ్యలో మాత్రమే వెలుగు పడుతుంది, మళ్లీ చిన్న లైటే అవుతుంది. ల్యాంపులో పాత ఫిలమెంటు బల్బు గానీ హాలోజెన్ గానీ ఉంటే గుడ్డ దగ్గరకు తీసుకురావద్దు. అవి బాగా వేడెక్కుతాయి, గుడ్డ అంటుకునే ప్రమాదం ఉంది. ఎల్ఈడీ మాత్రమే వాడండి, దానికి కూడా గాలి ఆడే జాగా ఉంచండి.

వెలుగు చాలకపోతే ఇంకో బల్బు వెతక్కండి, ఉన్నదాన్నే దగ్గరికి జరపండి. విడి బల్బు విషయంలో దూరం సగానికి తగ్గితే పువ్వు మీద పడే వెలుగు దాదాపు నాలుగింతలు అవుతుంది. ఈ లెక్క బ్యాక్‌గ్రౌండు విషయంలో ఇంకా పనికొస్తుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎల్ఈడీలో చూసుకోవలసినవి రెండు. మొదటిది మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాసిరకం బల్బు సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది. కంటికి తెలియదు గానీ ఫోటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) ఉంటే షట్టర్, అంటే ఫోటోకు వెలుగు తీసుకునే సమయం, 1/50 లేదా 1/100 సెకను పెట్టండి, పట్టీలు పోతాయి. రెండోది రంగు నాణ్యత. బల్బు డబ్బా మీద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. మామూలు బల్బులకు 80 దగ్గర ఉంటుంది. 90, ఆ పైన ఉన్నది దొరికితే కాస్త ఎక్కువ ఖరీదైనా తీసుకోండి. తక్కువ సీఆర్ఐ బల్బుల్లో ముదురు ఎరుపు జీవం లేకుండా వస్తుంది. పట్టుచీర ఎరుపు విషయంలో ఇదే నన్ను రోజూ సతాయించే సంగతి. దుకాణంలో కుంకుమ ఎరుపు, ఫోటోలో ఇటుక ఎరుపు. మీరు డబ్బు ఖర్చు పెట్టదలుచుకుంటే ఇక్కడ పెట్టండి, రింగ్ లైటు మీద కాదు.

గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుండగా టేబుల్ ల్యాంపుతో తీయకండి. ఒకటి తెల్లటి చల్లని వెలుగు, ఇంకొకటి పసుపు వెలుగు అయితే పువ్వు ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది. దాన్ని ఏ ఎడిటింగ్ యాప్ కూడా సరిగ్గా బాగుచేయలేదు. ఒక గదిలో ఒకే రకం వెలుగు ఉండాలి. పగలు కిటికీ వాడుతున్నప్పుడు కూడా పైన లైటు ఆర్పేయండి.

బ్రహ్మకమలం తీయాలంటే రాత్రి లైటు తప్పదు. చీకటి పడ్డాక విచ్చుకోవడం మొదలుపెట్టి అర్ధరాత్రికి పూర్తిగా తెరుచుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. దాన్ని కోసి తేకూడదు, కుండీనే లోపలికి తేవాలి. మా వీధిలో ఒకరింట్లో పూస్తే నన్ను పిలుస్తారు. అక్కడ నేను చేసేది ఇంతే: కుండీని గది మధ్యలో పెట్టి, పువ్వు వెనక పక్కగా పంచె కట్టి, దాని వెనక బల్బు, ముందు చిన్న థర్మోకోల్ ముక్క. లోపలి తెల్లటి కేసరాలన్నీ వెనక వెలుగుకు మెరుస్తాయి, రేకులు వాటి చుట్టూ గిన్నెలా నిలుస్తాయి. ఇంటివాళ్లు దీపం పెట్టి పూజ చేస్తారు కాబట్టి ముందుగా వాళ్లను అడిగి, పూజ అయ్యాకే లైటు కదపండి.

ఎరుపు, తెలుపు, నీలం ఎక్స్‌పోజర్

మందారం ముద్దలా రావడానికి లైటు ఒక కారణం, ఫోన్ ఇంకో కారణం. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కొలుస్తుంది. ఎర్ర మందారంలో ఎరుపు ఒక్కటే విపరీతంగా ఉంటుంది, మిగతా రెండూ దాదాపు ఉండవు. ఫోన్ మొత్తం వెలుగును సగటు చేసి "ఇంకా చీకటిగానే ఉంది" అనుకుని ఎక్స్‌పోజర్ (ఫోటోకు తీసుకునే వెలుగు) పెంచుతుంది. ఈలోపు ఎరుపు తన గరిష్ఠాన్ని దాటిపోతుంది. దాటాక రేకులో ఎక్కడ చూసినా ఒకే ఎరుపు, గీతలు ఇక ఉండవు, తర్వాత తెప్పించడం కూడా కుదరదు. అందుకే ఎర్ర పువ్వుకు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు సగమయ్యేదాకా, తగ్గించి తీయండి. పువ్వు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. తెర మీద ఫోటో కాస్త చీకటిగా అనిపించినా కంగారు పడకండి. ఎడిటింగ్‌లో వెలుగు పెంచుకోవచ్చు. కెమెరా సెట్టింగులో వివిడ్ లాంటి రంగుల మోడ్ ఉంటే తీసేయండి, అది అసలే నిండిన ఎరుపును ఇంకా నింపుతుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, తెరంతా ఎరుపే నిండితే ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి తెలుపును సరిచేసే ఏర్పాటు) కంగారు పడి ఎరుపును చంపడానికి నీలం కలుపుతుంది. అందుకే ఎర్ర మందారం ఒక ఫోటోలో గులాబీగా, ఇంకో ఫోటోలో నారింజగా కనిపిస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ ఒకచోట కట్టేయండి. మబ్బు పట్టిన రోజు కిటికీ వెలుగుకు 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) దగ్గర మొదలుపెట్టి కంటికి సరిపోయేలా అటూ ఇటూ జరపండి. తెల్ల కాగితం చూపించి సరిచేసుకునేవాళ్లు ఒక సంగతి గమనించండి. జెరాక్స్ కాగితానికి తెలుపు పెంచే రసాయనం కలుపుతారు, కిటికీ వెలుగులో అది కొంచెం నీలంగా మెరుస్తుంది. దాన్ని బట్టి సరిచేస్తే పువ్వు పసుపు తిరుగుతుంది. చీరల పనికి నేను బూడిద రంగు కార్డు వాడతాను, పువ్వులకూ అదే.

నందివర్ధనం, సన్నజాజి లాంటి తెల్ల పూలకు ఒకే నియమం లేదు. నల్ల గుడ్డ ముందు చిన్న తెల్ల పువ్వు ఉంటే ఫోన్ నలుపును చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, పువ్వు బర్న్ అవుతుంది. మీకు జరుగుతున్నది ఇదే అయ్యుండాలి. ఇక్కడ తగ్గించాలి. అదే పువ్వు తెరంతా నిండితే ఫోన్ దాన్ని బూడిద రంగుకు దించుతుంది, అప్పుడు పెంచాలి. శంఖుపుష్పం నీలం కొన్ని ఫోన్లలో ఊదాగా వస్తుంది. కిటికీ వెలుగులో, కొంచెం తక్కువ ఎక్స్‌పోజర్‌లో తీసి, ఎడిటింగ్‌లో నీలం రంగు ఒక్కదాన్నే సరిచేస్తే పువ్వుకు దగ్గరగా తేవచ్చు. అలా సరిచేసేటప్పుడు పువ్వు ఇంకా పక్కనే ఉండాలి, గుర్తున్న రంగును నమ్ముకుంటే దారి తప్పుతాం.

సగం పువ్వు మసక ఎందుకు

దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా వచ్చే మందం తగ్గిపోతుంది. కెమెరాతో పువ్వును సెన్సర్ మీద అసలు సైజులో, అంటే ఒకటికి ఒకటి తీస్తే, లెన్సు ద్వారాన్ని ఎఫ్ 8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా ఉండేది సుమారు ఒక మిల్లీమీటరు మందమే. ఫోన్‌లో పరిస్థితి అంత కఠినంగా ఉండదు, కానీ లెన్సు ద్వారం మార్చుకునే వీలు చాలా ఫోన్లలో లేదు. కాబట్టి మన చేతిలో ఉన్నది రెండే, దూరమూ కోణమూ.

దూరం విషయంలో: ఫోన్‌ను పువ్వుకు ఆనించబోకండి. ఒక అడుగు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టి తీయండి, తర్వాత క్రాప్ చేయండి. స్పష్టత పెరుగుతుంది, ఫోన్ నీడ పువ్వు మీద పడదు, ముందు రేకు పెద్దగా వెనక రేకు చిన్నగా వంకర పోకుండా కూడా ఉంటుంది.

కోణం విషయంలో మందారమే మంచి ఉదాహరణ. దాని మధ్యలోంచి పొడుగ్గా బయటికి పొడుచుకు వచ్చే కేసరాల కాడ ఉంది కదా. పువ్వును ఎదురుగా చూస్తూ తీస్తే ఆ కాడ కొన ఫోన్‌కు దగ్గర, రేకుల మొదలు చాలా దూరం. ఏదో ఒకటే స్పష్టంగా వస్తుంది. పక్కకు తిప్పి కాడ మొత్తం ఫోన్‌కు సమాన దూరంలో ఉండేలా పెడితే పసుపు పుప్పొడి తిత్తులు, కొనన ఉన్న ఐదు ఎర్రటి బొడిపెలు అన్నీ ఒకేసారి స్పష్టంగా వస్తాయి. వెనక రేకులు మెత్తగా మసకబారి అందంగానే ఉంటాయి. ముందు "ఈ ఫోటోలో నేను చూపాలనుకున్నది ఏమిటి" అని తేల్చుకుని, అది ఫోన్‌కు సమాంతరంగా ఉండేలా పువ్వును తిప్పండి. పువ్వంతా స్పష్టంగా ఉండాలనుకుంటే ఎదురుగా చదునుగా ఉండే నందివర్ధనం లాంటివి తీయండి.

ఇక కదలిక. ఫ్యాను ఆపండి. ఈ ఉక్కలో ఫ్యాను ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ పల్చని రేకు వణకడానికి ఆ గాలి చాలు. ఫోన్‌ను స్టాండులో గానీ, బియ్యం నింపిన గుడ్డ సంచి మీద గానీ పెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. తెరను వేలితో తాకినప్పటి కుదుపు కూడా పోతుంది. ఇలా కదలకుండా పెడితే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే మోతాదు) 100 దగ్గరే ఉంచి షట్టర్‌ను నెమ్మదిగా పెట్టుకోవచ్చు, బల్బు వెలుగు తక్కువైనా ఇబ్బంది లేదు.

మీ దగ్గర కెమెరా ఉందని రాయలేదు గానీ చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట. మాక్రో లెన్సు (బాగా దగ్గరగా తీసే లెన్సు) కొనే ముందు ఉన్న 50 ఎంఎం లెన్సుకు ఎక్స్‌టెన్షన్ రింగులు వేసి చూడండి. వాటిలో గాజు ఉండదు, లెన్సును సెన్సర్‌కు దూరం జరపడమే వాటి పని. ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్య తీయండి. ద్వారాన్ని ఇంకా మూసేస్తే మందం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ మొత్తం ఫోటో పదును పోతుంది, ఎందుకంటే ఒకటికి ఒకటి దగ్గర ఎఫ్ 11 అసలు పనిచేసేది ఎఫ్ 22 లాగా. ఇంకా మందం కావాలంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీసి ఫోటోషాప్ లాంటి వాటిలో కలపాలి. ఆ పని చేసేటప్పుడు వాడిపోతున్న పువ్వు కదులుతుంది, త్వరగా తీయండి.

పువ్వును కోయడం, నిలబెట్టడం

మందారం పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. పూర్తిగా విచ్చిన వెంటనే తీయండి. పారిజాతం తెల్లవారుజామున రాలుతుంది, ఎండ వచ్చేలోపే ఏరుకోవాలి. దాన్ని కాడతో నిలబెట్టాలని చూడకండి, నల్లటి పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోసి తేలనివ్వండి. నారింజ రంగు కాడ కనిపించాలంటే ఒకటి రెండు పూలను తిరగేసి వేయండి. నందివర్ధనం, దేవగన్నేరు కోస్తే తెల్లటి పాలు కారతాయి. కాడ కొనను నీళ్లలో కడిగి, తుడిచి అప్పుడు గ్లాసులో పెట్టండి. ఆ పాలు కంట్లో పడనివ్వకండి, గుడ్డకు అంటితే మరక కూడా పోదు. పుప్పొడి, దుమ్ము తుడవడానికి మెత్తటి పెయింటింగ్ బ్రష్ వాడండి, నోటితో ఊదితే తడి పడుతుంది. దగ్గరి ఫోటోలో ఇసుక రేణువంత దుమ్ము కూడా రాయిలా కనిపిస్తుంది.

నీటి చుక్కలు కావాలంటే స్ప్రే సీసాలో నీళ్లకు కొంచెం గ్లిజరిన్ కలపండి. చుక్క గుండ్రంగా నిలుస్తుంది, త్వరగా ఆరదు. తీయడం అయ్యాక ఆ పువ్వు దేవుడికి పెట్టకండి. నేనైతే పూజకు కోసిన పూలు వేరే, ఫోటోకు కోసినవి వేరే ఉంచుతాను.

గంజాం వైపు వాళ్లకు ఇంకో పువ్వు చేతికి అందుతుంది. మొగలి. భౌగోళిక గుర్తింపు పొందిన పువ్వు, గోపాలపురం, ఛత్రపురం చుట్టుపక్కల అత్తరు బట్టీలకు వెళ్లేది. మొత్తం పొత్తును ఫోటోలో పెట్టడానికి ప్రయత్నించకండి. లోపలి తెల్లటి దళాలు ఒకదాన్నొకటి చుట్టుకునే చోటు ఒక్కటి తీసుకుని పక్క లైటులో తీస్తే చాలా బాగుంటుంది. ఆకుల అంచుల ముళ్లు లోతుగా గీరుతాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి.

వెనక ఏం ఉండాలి

నల్లటి బ్యాక్‌గ్రౌండుకు నల్ల చార్టు కంటే నల్ల వెల్వెట్ గానీ మెరవని నల్ల నూలు గుడ్డ గానీ మేలు, చార్టు మెరుస్తుంది. గుడ్డను పువ్వుకు రెండు మూడు అడుగులు వెనక వేలాడదీయండి. ముందు చెప్పిన దూరం లెక్క ఇక్కడ పనికొస్తుంది. లైటు పువ్వుకు అడుగు దూరంలో ఉండి, గుడ్డ లైటుకు మూడడుగుల దూరంలో ఉంటే గుడ్డ మీద పడే వెలుగు సుమారు తొమ్మిదో వంతు. గుడ్డ నల్లగా కూడా ఉండనక్కర్లేదు, ముదురు ఆకుపచ్చ లుంగీ కూడా దాదాపు నలుపైపోతుంది.

మన పట్టుచీరను వెనక పెడితే బాగుంటుంది కదా అని చాలామంది అడుగుతారు. పట్టు మెరుస్తుంది, దగ్గరి ఫోటోలో ఆ మెరుపు చుక్కలు చుక్కలుగా పడి పువ్వు మీద నుంచి చూపు లాగేస్తాయి. ఒకసారి ఒక దుకాణంవారు బరంపురం పట్టు ఫోడా అంచు (గుడి గోపురం ఆకారపు అంచు) మీద మల్లెలు పెట్టి తీయమన్నారు. అప్పుడు చీరను బాగా వెనక్కి జరిపి, లైటు దాని మీద పడకుండా నల్ల చార్టు అడ్డం పెట్టి తీస్తే అంచు రంగు మాత్రం మెత్తగా కనిపించి కుదిరింది. చీర నేత కనిపించాలంటే అది వేరే ఫోటో. పువ్వు, నేత రెండూ ఒకే ఫోటోలో పోటీ పడకూడదు.

సముద్రం వైపు ఉండేవాళ్లు తేమ గురించి జాగ్రత్త పడాలి. ఏసీ గదిలోంచి కెమెరాగానీ ఫోన్‌గానీ పెరట్లోకి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. తుడిచినకొద్దీ మళ్లీ వస్తుంది, ఓ అరగంట సంచిలోనే ఉంచి తీయండి. లెన్సులను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, లేకపోతే వానాకాలంలో ఫంగస్ పడుతుంది.

మీరు ఫోన్ మోడల్ రాయలేదు, అది తెలిస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. ఈలోగా ఒకటి చేసి చూడండి. పువ్వుకు బాగా దగ్గరగా పెట్టి, ఫోన్ తనంతట తాను మాక్రోకు మారినప్పుడు గానీ, మీరే మాక్రో మోడ్ పెట్టినప్పుడు గానీ వెనక లెన్సులను ఒక్కొక్కటిగా వేలితో మూయండి. దేన్ని మూస్తే తెర నల్లబడిందో ఆ లెన్సే ఫోటో తీస్తోంది. అది చిన్న మాక్రో లెన్సు అయితే, చాలా చవక ఫోన్లలో దాని సెన్సర్ 2 మెగాపిక్సెళ్లే, ఆ మోడ్ ఆపేసి ప్రధాన కెమెరాతో అడుగు దూరం నుంచి తీయండి. అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు చూపే లెన్సు) అయితే పువ్వు మరీ చిన్నదైనప్పుడు, తుమ్మి పువ్వంత ఉన్నప్పుడు మాత్రమే వాడండి. ఏ లెన్సో, ఏ మోడలో కింద రాయండి, ఒక మందారం ఫోటో కూడా ఎడిట్ చేయకుండా పెట్టండి. చూసి చెబుతాను.